వెర్లీన్ టాకెట్ చేతికి సరిపడే పిడి

వెర్లీన్ టాకెట్ దగ్గర చిన్న రివాల్వర్ ఉందన్నది పరమ రహస్యం. దాచుకు తిరగడానికి కొన్నది కాబట్టి ఎవరికీ తెలియకూడదు. ఆ రహస్యం గురించి పోస్టాఫీసులో ఒకరు, కోళ్ళ దాణా కొట్లో ఇద్దరు ఆమెకు సలహాలిచ్చారు. పళ్ళ డాక్టరయితే నోట్లో అద్దం పెట్టి మరీ చెప్పాడు.

"పిడి మార్చండి వెర్లీన్ గారూ. రబ్బరుది వేయించండి, కాల్చినప్పుడు వెనక్కి తన్నడం తగ్గుతుంది."

నోరు తెరిచే ఉన్నా జవాబు చెప్పే వీలు లేక వెర్లీన్ కళ్ళతోనే సరేనంది.

అమెరికాలో ఆర్కన్సా కొండల మధ్య సైకమోర్ ఫోర్డ్ అనే ఊళ్ళో ముప్పై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి ఆవిడ. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. అంత బస్సును కొండ మలుపుల్లో తిప్పిన ఆ చేతులు మాత్రం మరీ చిన్నవి. గ్లవుజులు ఇప్పటికీ పిల్లల వరసలోనే కొనుక్కుంటుంది. ఎవరైనా నవ్వితే, "ఈ చేతులతోనే మీ నాన్నను వెనక సీట్లోంచి చెవి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాను," అంటుంది. అది నిజమే కాబట్టి నవ్వు ఆగిపోతుంది.

ఆవిడకు కావలసింది ఒక కుర్చీ. చర్చి తలుపు పక్కన గోధుమరంగు మెత్త వేసిన ఇనప కుర్చీ. భర్త ఆరిన్ పంతొమ్మిదేళ్ళు అందులో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరితో చేయి కలపడం, పాటల కాగితం ఇవ్వడం, పిల్లలకు పుదీనా బిళ్ళలు పంచడం, చెడ్డవాడెవడైనా జొరబడితే జేబులో రివాల్వర్‌తో చూసుకోవడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళలో ఒక్క చెడ్డవాడూ రాలేదు. ఒకసారి మేక వచ్చింది. నవంబరులో ఆరిన్ పోయాక సంఘపెద్దలు మర్యాదకు ఆ కుర్చీ ఆమెకే ఇచ్చారు. కానీ తలుపు దగ్గర కూర్చునేవాళ్ళు ఏటా వసంతంలో గురి పరీక్ష నెగ్గాలి. ఏడు గజాల దూరాన కాగితం బొమ్మ, ఇరవై అయిదు గుళ్ళు, అందులో ఇరవై తగలాలి. నెగ్గకపోతే కుర్చీ లైల్ పర్విస్‌ది. లైల్ కలప కోత మిల్లు యజమాని, ఆరున్నర అడుగుల మనిషి. ఆ కుర్చీ మీద వాడి కన్ను ఎప్పటినుంచో ఉంది.

కుర్చీలో ఏముందని అడగవచ్చు. ఆదివారం పొద్దున అరవై మంది వచ్చి చేయి పట్టుకుంటారు. వారంలో మిగతా ఆరు రోజులూ వెర్లీన్ చేయి పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. అంతే సంగతి. అది పోతే తాను తట్టుకోలేనని ఆమెకు తెలుసు. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడి, "ఆ లైల్ గాడికి తలుపు తీయడం కూడా సరిగ్గా రాదు," అని ఊరంతా చెప్పుకు తిరిగింది.

మొదటి పరీక్షలో పద్నాలుగు తగిలాయి. తక్కినవాటిలో ఒకటి సంఘపెద్ద రాయిస్ గారి కాఫీ ఫ్లాస్కును కూల్చింది. తప్పు కంటిది కాదు, పిడిది. కొన్నప్పుడు వచ్చిన సన్నటి చెక్క పిడి పట్టుకుంటే చిటికెన వేలికి చోటే లేదు. కాల్చే మీట చుట్టూ ఉన్న కమ్మి ప్రతి గుండుకీ మధ్య వేలి కణుపును కొరికింది. రివాల్వర్ చేతిలో సబ్బులా తిరిగి, ప్రతి గుండూ ఎడమకే పోయింది.

"రెండు వారాలు గడువు ఇస్తున్నాం సిస్టర్," అన్నాడు రాయిస్ గారు, ఫ్లాస్కు కన్నంలో వేలు పెట్టి చూసుకుంటూ. "ఈసారి నేను కుడివైపు నిలబడతాను."

మర్నాడే ఆమె ఫెర్రిస్ కొట్టుకు వెళ్ళింది. ఫెర్రిస్ ముందు గదిలో తుపాకులూ, చేపల ఎరలూ అమ్ముతాడు. వెనక గదిలో టర్కీ కోళ్ళను పిలిచే కూతపెట్టెలు చెక్కుతాడు. అతని దగ్గర ఓ పాత కాఫీ డబ్బా ఉంది. చిన్న రివాల్వర్ కొన్న ప్రతివాడూ పిడి నచ్చక మరోటి కొని, అదీ నచ్చక ఇంకోటి కొని, చివరికి అన్నీ తెచ్చి ఆ డబ్బాలో పారేస్తాడు. నచ్చింది దొరికినవాడిని ఫెర్రిస్ ఇంతవరకు చూడలేదు.

"కావలసింది ఏరుకోండి వెర్లీన్ గారూ. కూరగాయల బేరం అనుకోండి."

ఆమె ఏరింది. దుప్పి కొమ్ముది అందంగా ఉంది గానీ చేతిలో నిలవలేదు. ముత్యపు చిప్పది చూసి, "ఇది సారా కొట్టు నడిపే ఆడదానికి బాగుంటుంది," అని పక్కన పెట్టింది. లావుపాటి రబ్బరు పిడి చేతికి హాయిగా తగిలింది. ఇదే ఇమ్మంది. ఖాళీ రివాల్వర్‌కి దాన్ని బిగించి, ఆదివారపు గౌను జేబులో వేసుకుని, అక్కడే అద్దం ముందు బయటికి లాగింది. రబ్బరు జేబు గుడ్డను పట్టేసింది. జేబు మొత్తం తిరగబడి చేతిరుమాలు, దగ్గు బిళ్ళలు, తాళాల గుత్తి నేలంతా దొర్లాయి.

"చెడ్డవాడు కాసేపు ఆగుతాడులెండి," అన్నాడు ఫెర్రిస్ దగ్గు బిళ్ళలు ఏరుతూ. "జేబుకు సరిపడేది చేతికి సరిపడదు, చేతికి సరిపడేది జేబులోంచి రాదు. ఇంతకీ మీకు ఏది కావాలి?"

"పరీక్షలో చూసేది చేతినేగా?"

"అవును, బల్ల మీదనుంచి తీసి కాల్చడమే."

"అయితే చేతికే చేసిపెట్టు."

ఫెర్రిస్ ఒక చెక్కముక్కను రివాల్వర్ వెనక భాగం ఆకారంలో కోసి ఇచ్చాడు. దాని చుట్టూ మెత్తటిదేదైనా అంటించి గట్టిగా పట్టుకుంటే వేళ్ళ అచ్చు పడుతుంది, ఆ అచ్చుకు తాను వాల్‌నట్ కర్ర చెక్కుతానన్నాడు. మట్టి వాడమన్నాడు. వెర్లీన్ ఇంట్లో మట్టి ఎక్కడుంది? పిండి ఉంది. పిండి ముద్ద చుట్టి, ఒడుపుగా పట్టుకుని, పది దాకా లెక్కపెట్టి వదిలింది. అచ్చు అద్భుతంగా పడింది. చిటికెన వేలి గోరు గుర్తు కూడా కనబడుతోంది. గట్టిపడాలని ఓవెన్‌లో పెట్టింది.

చేసిన తప్పల్లా ఒకటే. నలభై ఏళ్ళుగా పొద్దున్నే బిస్కెట్లనే మెత్తటి పొంగు రొట్టెలు చేసే చేయి అలవాటుకొద్దీ పొంగే పిండి డబ్బాలోకే వెళ్ళింది. అచ్చు చక్కగా పొంగి, బంగారు రంగు తిరిగి, వెన్న వాసనతో బయటికొచ్చింది. కాస్త బొద్దుగా ఉందేమిటని ఆమెకు అనిపించింది గానీ, తన చేతినే ఇదివరకెప్పుడూ అంత పరీక్షగా చూసుకోలేదు కదా అనుకుని ఇచ్చేసింది.

ఫెర్రిస్ కొలతకు కొలత, గుంటకు గుంట చెక్కేశాడు. అయిదు రోజుల తర్వాత ఆమె వచ్చి చూస్తే, అరచేతిలో పట్టే రివాల్వర్‌కి పంది తొడంత పిడి ఉంది. రెండు చేతులతో పట్టుకున్నా వేళ్ళు కలవలేదు.

"ఏమిటిది ఫెర్రిస్?"

"మీరిచ్చిన కొలతే."

"నా చేయి ఇంత ఉంటుందా? కళ్ళు లేవూ నీకు?"

"కీళ్ళ వాపేమో అనుకున్నానండి. ఆడవాళ్ళను వాపు గురించి అడగడం మర్యాద కాదు కదా."

వెర్లీన్‌కు ఏడుపొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించింది. పరీక్ష ఇంకా వారమే ఉంది. ఇంటికి పోయి వంటింట్లో నిలబడి, పొంగని పిండి ఏముందా అని ఆలోచించింది. సమాధానం కళ్ళ ముందే ఉంది. ప్రతి శనివారం చర్చికి ప్రభు భోజనపు రొట్టె చేసేది తనే. పులియనిది, పొంగనిది, కాలిస్తే చెక్కలా గట్టిపడేది. కానీ ఆ పిండితో తుపాకీ పిడా? రాయిస్ గారికి ఫోన్ చేసింది.

"పాపమంటారా?"

అవతల బైబిలు పేజీలు తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"ప్రార్థన చేసేదాకా అది వట్టి పిండే సిస్టర్," అన్నాడాయన చివరికి. "కానీ పని అయ్యాక ఆ ముక్కను ప్రభువు బల్ల మీదికి మాత్రం తేకండి."

రెండో అచ్చు పొంగలేదు. ఫెర్రిస్ రెండు పూటలూ కూర్చుని చెక్కి, గంధం రాసినంత నునుపు చేశాడు. వెర్లీన్ పట్టుకుంది. ప్రతి వేలూ తన గదిలోకి తాను వెళ్ళినట్టు వెళ్ళింది. చిటికెన వేలికీ చోటు దొరికింది. కణుపుకూ కమ్మికీ మధ్య కాస్త చెక్క ఉంది. చూపుడు వేలు మీట మీద ఎక్కడ ఆనాలో అక్కడే ఆనింది. ఆమె చాలాసేపు వదలకుండా నిలబడింది. నవంబరు తర్వాత తన చేయి ఇంత నిండుగా ఎప్పుడూ లేదు.

శనివారం ఇరవై మూడు తగిలాయి. రాయిస్ గారు కుడివైపు, కొత్త ఫ్లాస్కుతో, చెట్టు చాటున నిలబడ్డాడు. లైల్ పర్విస్ చేతులు కట్టుకుని చూశాడు. అంతా అయ్యాక మెల్లగా దగ్గరికొచ్చాడు.

"వెర్లీనమ్మా, ఆ మొదటి పిడి... పెద్దది... ఫెర్రిస్ కొట్లో చూశాను. అది మీకు పనికిరాదు కదా?"

"నీకెందుకు?"

వాడు జేబులోంచి అచ్చం ఆమెదాని లాంటి తన రివాల్వర్ తీశాడు. పెళ్ళాం కొనిచ్చిన బహుమతి. ఆ అరచేతిలో అది అగ్గిపెట్టెలా ఉంది. "ఆరేళ్ళుగా రెండు వేళ్ళతో పట్టుకుంటున్నానండి. ఆవిడ నొచ్చుకుంటుందని ఎవరికీ చెప్పలేదు."

వెర్లీన్ వాడి ముఖం చూసింది. ఎనిమిదో నంబరు స్టాపులో బస్సెక్కే రోజుల్లో కూడా వీడు ఇంతే, అడగడానికి చచ్చేంత మొహమాటం. "తీసుకో. బిస్కెట్ వాసన వస్తే నన్ననకు," అంది.

ఆ సాయంత్రం ఆమె ఆదివారపు గౌను వేసుకుని, రివాల్వర్ జేబులో పెట్టి, లాగి చూసింది. రాలేదు. చేతికి అంతగా అమరిన పిడి జేబు మూతికి అడ్డం పడింది. ఫెర్రిస్ చెప్పిందే. వెర్లీన్ కంగారు పడలేదు. కుట్టు డబ్బా తెచ్చుకుని, సూదిలో నల్ల దారం ఎక్కించి, రివాల్వర్ లోపల ఉండగానే జేబు మూతిని ఆ చివరి నుంచి ఈ చివరికి కుట్టేసింది. ఆ కుట్టు ఆమె చేతికి కొత్త కాదు. ఆరిన్ పిల్లలకు బిళ్ళలివ్వడానికి వంగినప్పుడల్లా రివాల్వర్ జారుతోందని, మొదటి ఏడే ఆయన ప్యాంటు జేబు కుట్టించుకున్నాడు. ఏటా పరీక్ష ముందు ఆమె విప్పేది, పరీక్ష అవగానే మళ్ళీ కుట్టేది. పంతొమ్మిదేళ్ళు ఈ ఊరిని కాపాడింది ఆ కుట్టే. ఆ మొగుడూ పెళ్ళాలకు తప్ప ఎవరికీ తెలియని అసలు రహస్యం ఒకటి ఆ ఊళ్ళో ఉంటే, అదే.

ఆదివారం పొద్దున వెర్లీన్ గోధుమరంగు మెత్త మీద కూర్చుంది. చేతులు రెండూ ఖాళీ. అరవై ఒక్క మంది వచ్చారు, అరవై ఒక్క మంది చేయి పట్టుకున్నారు. అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాడు లైల్. ఆ పెద్ద చేతిలో ఈమె చేయి మణికట్టు దాకా మునిగిపోయింది.

"పిడి బాగా కుదిరిందా అమ్మా?" అని గుసగుసగా అడిగాడు.

"కుదిరిందిరా. కాసేపు అలాగే పట్టుకో," అంది వెర్లీన్.