కందిలోడు కందిలోడే

నా చిన్నప్పుడు మా ఇంట్లో కథ ముందుకు నడవాలంటే ఎవరో ఒకరు ఊ కొట్టాల్సిందే. మాది నేత ఇల్లు. మా బాపును కన్నతల్లిని బాపమ్మ అనేవాళ్ళం. మధ్యాహ్నం పూట ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతూ కథ చెప్పేది. నేను ఊ కొట్టడం మరిచిపోతే కథతో పాటు రాట్నమూ ఆగేది. "నిద్రవోయినవా పోరీ?" అని కసిరేది.

నాకు కందిలోడి కథంటే ప్రాణం. అబ్బ, ఏం కథ అది! ఉట్నూరు అడవిలో దారి తప్పినవాళ్ళ ముందు కందిలి, అదే లాంతరు, పట్టుకుని ఒకడు నడుస్తాడు. మాట్లాడడు, ముఖం చూపించడు. ఊరి పొలిమేర రాగానే మళ్ళీ అడవిలోకి వెళ్ళిపోతాడు. వాడెవడో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు మా బాపు మగ్గాల పనికని భీవండి పోయాడు. నెలలు గడిచినా కబురు లేదు. పక్కింటి అక్క పై తరగతులు చదువుతుండేది. కథల్లో ప్రతి మనిషికీ ఒక అర్థం ఉంటుందని బడిలో చెప్పారట. "కందిలోడంటే ఎవరనుకున్నవే? మీ బాపసొంటోడే. అందరి కోసం ఇల్లిడిసి పోయినోడు" అంది. నన్ను ఓదార్చాలనే చెప్పింది పాపం. నాకు మాత్రం గుండె గుభేలుమంది. కందిలోడు ముఖం చూపించకుండానే పోతాడు కదా! మరి బాపు?

మర్నాడు బాపమ్మ ఆ కథే మొదలుపెడితే నాకు ఊ రాలేదు, ఏడుపు వచ్చింది. "కందిలోడు మా బాపేనా? ఇగ రాడా?" అని అడిగేశాను.

రాట్నం ఆగింది. ఆమెకు కొడుకు కదా, కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుని నన్ను దగ్గరికి లాక్కుంది.

"వాన్ని జూస్తే మీ బాపు యాదికొస్తే రానియ్యి, నేనద్దంటనా? కానీ కందిలోడు కందిలోడే బిడ్డా, మీ బాపు మీ బాపే. మీ బాపు కోసం ఎదురుజూద్దాం. కందిలోనికైతే ఊ కొట్టు."

వెక్కుతూనే ఊ కొట్టాను. వాడు ఎప్పటిలాగే పొలిమేర దాకా వచ్చి వెళ్ళిపోయాడు.

బాపు ఇక రాలేదు. ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు నా మనవరాలు టీవీలో ముసుగేసుకున్న వింత మనిషిని చూసి "అమ్మమ్మా, గీయన అసలెవరు? దేవుడా, దయ్యమా?" అని ప్రాణం తీస్తుంది. "జర ఆగి ముందు జూడు బిడ్డా" అంటాను. అన్నం తినిపిస్తూ కందిలోడి కథ చెబుతాను, ఊ కొట్టించుకుంటాను. ఆ మధ్యాహ్నం బాపమ్మ వాళ్ళిద్దరినీ విడదీయకపోయి ఉంటే, బాపుతో పాటు వాణ్ణీ పోగొట్టుకునేదాన్ని.

కందిలి పట్టుకుని వాడింకా నా ముందు నడుస్తూనే ఉన్నాడు.