కుల్ఫీ ఐసులో కొవ్వు బుడగలు: వరంగల్ నుంచి సికింద్రాబాద్ దాకా

వరంగల్‌లో పరిశోధన చేసేవాళ్లకు ఎప్పుడో ఒకసారి ఈ ప్రయాణం తప్పదు. మన దగ్గర లేని యంత్రం హైదరాబాద్‌లో ఉంటుంది. నమూనాలను చల్లగా పట్టుకుని అక్కడికి వెళ్లాలి. నేను చేసేది నానోకణాల పని. జబ్బును బాగుచేసే జన్యువును నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే, చేరాల్సిన చోటికి చేరకముందే ముక్కలైపోతుంది. కొందరు దాన్ని వైరస్‌లో పెట్టి పంపుతారు. మేము వైరస్ లేకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే కొవ్వు బుడగల్లో చుట్టి పంపాలని చూస్తున్నాం. ఆ బుడగలు ఒకదానికొకటి అతుక్కోకుండా నిలబడాలి. నిలబడ్డాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మతో చూపిస్తేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు. నెలల తరబడి ఎదురుచూశాక ఆ యంత్రం మీద నాకు ఒక పూట దొరికింది.

మా ఇల్లు కాశిబుగ్గలో. మా నాన్న, నేను బాపు అంటాను, కుల్ఫీ బండి నడుపుతాడు. మా ఇంట్లో బడికి వెళ్లి చదువుకున్న మొదటిదాన్ని నేనే. ఉదయపు రైలు పట్టుకోవాలి కాబట్టి ముందురోజే హన్మకొండలోని ల్యాబ్ నుంచి నమూనాల సీసాలను థర్మకోల్ పెట్టెలో ఇంటికి తెచ్చి, వాటినీ చల్లదనం కోసం పెట్టే జెల్ ప్యాకులనూ ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున లేచి చూస్తే కరెంటు లేదు, ప్యాకులు మెత్తబడిపోయాయి. సీసాలు మాత్రం ఇంకా చల్లగానే ఉన్నాయి. బాపు అప్పటికే ఫ్యాక్టరీ నుంచి ఐసు గడ్డ తెచ్చి కొడుతున్నాడు.

“బాపు, ఈ పెట్టె హైదరాబాద్ దాక మంచిగ చల్లగుండాలె. జర ఐసు పెడ్తవా?”

“నువ్వు పోయి తానం జెయ్ బిడ్డా. ఇన్నేండ్ల సంది నాకు చల్లగుంచుడే గదా పని!”

నేను వచ్చేసరికి పెట్టె చుట్టూ గోనెపట్టా, దానిమీద టేపు. “నడుమల ఇప్పకు, గాలి సొస్తది,” అన్నాడు. అది నిజమే కాబట్టి నేను తెరవలేదు. నా చదువుకు సంబంధించిన పనిలో బాపు చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. పెట్టెను తనే ఆటో దాకా మోసుకొచ్చాడు.

కాశిబుగ్గ నుంచి వరంగల్ స్టేషన్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. పొద్దుటి ఎక్స్‌ప్రెస్‌లలో సికింద్రాబాద్‌కు సుమారు రెండున్నర గంటలు పడుతుంది. సెకండ్ సిట్టింగ్ టికెట్ వంద రూపాయల లోపే ఉంటుంది. పెట్టెను పైన సామాన్ల మధ్య పెట్టకండి, కాళ్ల దగ్గర ఎండ పడని చోట ఉంచుకోండి. కాజీపేటలో ఒక పెద్దమ్మ నాలుగేళ్ల మనవరాలితో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది.

“ఏంది బిడ్డా, చేపలా? గంత గట్టిగ కట్టినవ్, మేము గుంజుకుంటమనా?”

“చేపలు కావు పెద్దమ్మా, మందు. ఇంక పరీక్షలల్లనే ఉంది. పుట్టుకతోని రక్తం సరిగ్గ తయారుగాని పిల్లల కోసం చేస్తున్నం.”

ఆమె నవ్వు ఆగిపోయింది. మనవరాలికి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలట. ఇప్పుడు వెళ్తున్నది రక్తం ఎక్కించే దవాఖానకే.

“ఎప్పుడొస్తది మరి?”

“తెల్వదు పెద్దమ్మా. మస్తు ఏండ్లు పడ్తది. రాకపోవచ్చు గూడ.”

“పోనీ తియ్, ఉన్నమాట చెప్పినవ్,” అని, పెట్టెకు తగులుతున్న పిల్ల కాళ్లను తన ఒళ్లోకి లాక్కుంది. సికింద్రాబాద్ దాకా వాటిని కిందికి దించనివ్వలేదు.

స్టేషన్ నుంచి యంత్రం ఉన్న ల్యాబ్‌కు ఆటోలో అరగంట. నూట యాభై తీసుకున్నాడు. దాన్ని చూసుకునే మేడమ్ టేపు కోసి మూత తీశారు. సీసాల్లో నీళ్లలా కదలాల్సిన ద్రవం తెల్లగా రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఆమె వేలితో ఐసును తడిమి, “ఉప్పు కలిపారా?” అన్నారు. ఐసు ముక్కల మధ్య దొడ్డు ఉప్పు కనిపిస్తూనే ఉంది. ఉప్పు కలిస్తే ఐసు సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబడి, పక్కనున్నదాన్ని గడ్డకట్టిస్తుంది. కరిగాక సీసాను వెలుతురుకు పట్టి చూస్తే లోపల నలకలు తేలుతున్నాయి. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు బుడగలను ఒకచోటికి నెట్టి నలిపేస్తాయి. చక్కెర కలిపి ఉంటే కొంత కాపాడేది. ఫ్రిజ్‌లో నిలిస్తే చాలనుకుని నేను కలపలేదు.

“టైమ్ మీదే. ఏం చూద్దాం?” అని మేడమ్ అడిగారు. ఒక్క నిమిషం అడిగి వరండాలోకి వచ్చాను. అప్పుడే బాపు ఫోన్.

“జేరినవా బిడ్డా? సల్లగున్నదా?”

“బాపు, ఐసుల ఉప్పేసినవా?”

“ఎయ్యకుంటె ఎట్ల? ఉత్త ఐసు జనగామ దాటంగనె నీళ్లైతది. ఉప్పేస్తె కుల్ఫీ రాయి లెక్క ఉంటది.”

అంతా బాగుందని చెప్పి పెట్టేయవచ్చు. కానీ ఇంకోసారి వచ్చేటప్పుడు కూడా ఆ పెట్టె కట్టేది బాపే.

“ఇది గడ్డకట్టొద్దు బాపు. కడ్తె పాడైతది. పాడైంది.”

“నేనే ఖరాబ్ జేసిన్నా?”

“చల్లగుండాలె అన్న గని, గడ్డకట్టొద్దని నేను చెప్పలే.”

“నాకెర్కలేదు బిడ్డా. ఒక్కటడుగుత, కోపానికి రాకు. ఇంట్ల కరెంటు పోతది, నా అసొంటోడు ఉప్పేస్తడు. గీ మాత్రానికే పాడయ్యే మందు ఊర్లల్ల దవాఖానకు ఎట్లొస్తది?”

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లి, “పాడైనవాటినే చూద్దాం మేడమ్,” అన్నాను. తెర మీద విడివిడిగా ఉండాల్సిన గుండ్రటి బుడగలు ముద్దలు ముద్దలుగా, కొన్ని పగిలిపోయి కనిపించాయి. ఫెలోషిప్ సమీక్షలో ఆ బొమ్మనే ముందు పెట్టి, చక్కెర కలిపి కావాలనే గడ్డకట్టించి మళ్లీ పరీక్షిస్తానని చెప్పాను. ఏడాది పొడిగించలేదు. ఆరు నెలలు ఇచ్చారు.

ఇన్నాళ్లూ నా బుడగలు రక్తంలో నిలబడతాయా అనే ఆలోచించాను. రక్తం దాకా చేరే దారి గురించి ఆలోచించలేదు. ఆ దారిలో ఎండ ఉంటుంది, కరెంటు కోత ఉంటుంది, మేలు చేద్దామని చెయ్యి వేసే మనుషులుంటారు. ఇవన్నీ తట్టుకోలేనిదాన్ని స్థిరంగా ఉందని నేను రాసుకోకూడదు. రైల్లో ఆ పెద్దమ్మ ఊరు ఏదో అడగలేదు. ఏ ఊరైనా దాని దవాఖానకు మందు చేరాల్సింది ఇలాంటి దారుల మీదుగానే.

మీరూ నమూనాలతో బయల్దేరుతుంటే ఒక్క మాట. సాయం చేసేవాళ్లకు “చల్లగా ఉంచండి” అని చెప్పి ఊరుకోకండి. ఎంత చల్లదనం దాటకూడదో, దాటితే ఏమవుతుందో వివరంగా చెప్పి, వాళ్ల ఎదురుగానే పెట్టెలో ఒక చిన్న థర్మామీటర్ పెట్టండి.