చావు వినిపించని ఉత్సుమి

ఉత్సుమి సెయిజో బతుకంతా కిటికీలకు అద్దాలు బిగించాడు. తుఫాను వెలిసిన మర్నాడు జపాన్‌లోని చిబాలో మా వీధి చివర ముందుగా కనిపించేది ఆయన బండే. పగిలిన అద్దాలతోనే పొట్టపోసుకున్నా, అద్దం పగలడాన్ని మాత్రం ఆయన ఏనాడూ క్షమించలేదు. ఆ చప్పుడు వింటే డొక్కలో ఎవరో పొడిచినట్టు ముఖం పెట్టేవాడు.

పని మానేశాక ఒళ్లు కదలాలని డాక్టరు చెబితే, నడక విసుగని, కొండ పక్క అడవిలో ఆడే బొమ్మ తుపాకుల యుద్ధంలో చేరాడు. ఆయన్ని ఒంటరిగా అడవిలోకి ఎలా వదలడమంటూ భార్య ఇసోకో వెంట వచ్చి, మొదటి రోజే ఎదుటి జట్టులో చేరింది. నేను ఆయన జట్టు. ఆడటంకంటే చెట్టుచాటున కూర్చుని చూడటమే నాకు ఎక్కువ ఇష్టం.

మా ఆటలో తప్పొప్పులు చెప్పే పెద్దమనిషంటూ ఉండడు. ప్లాస్టిక్ గుండు తగిలినవాడే చెయ్యెత్తి "హిట్!" అని అరిచి, చచ్చినవాళ్ల షెడ్డుకు నడిచిపోవాలి. ఒంటికి తగిలినా, చేతిలో తుపాకీకి తగిలినా చావే. తగిలినా చెప్పనివాణ్ణి జాంబీ, అంటే నడిచే శవం, అంటారు. ఆ పేరు పడ్డవాడు బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్లకు ఉన్నట్టుండి ఏదో పని గుర్తొస్తుంది.

చేరిన కొత్తలోనే ఒక గుండు వచ్చి ఉత్సుమి తుపాకీ మీది గురిచూసే అద్దాన్ని పగలగొట్టింది. అందరూ చేసేదేమిటంటే, ఆ అద్దం ముందు పగలని ప్లాస్టిక్ పలకొకటి బిగిస్తారు. గుండు తగిలితే పలక టక్కుమంటుంది, అద్దం బతుకుతుంది. ఉత్సుమి కంటికి అది ఆనలేదు. "ఇది గొడుగా, డప్పా?" అన్నాడు. కిటికీ రబ్బరు తెచ్చి పలక చుట్టూ వేశాడు. గాలికి కిటికీలు అదరకుండా దూర్చే ఉన్నిపట్టీలు కూరాడు. పైన నల్ల వల బిగించాడు. ఇక అద్దానికి ఢోకా లేదు.

గొడవ అక్కణ్ణుంచే మొదలైంది.

"ఏమండీ, మీరు చచ్చిపోయారు," అంది ఇసోకో ఒకనాడు వెదురుపొద లోంచి.

"నేనెక్కడ చచ్చాను? నిక్షేపంలా ఉంటేనూ!"

"తగిలింది. నా కళ్లారా చూశాను. కాస్త మర్యాదగా చావండి."

"మొగుణ్ణి చావమనడానికి నోరెలా వస్తోందే నీకు?"

"ఇంట్లో అనలేదుగా."

ఆయన ఆమెను కాల్చేశాడు. ఆమె "హిట్!" అని చెయ్యెత్తి, మొగుడి వైపు చూడకుండా షెడ్డుకు వెళ్లిపోయింది.

ఆమె ఒక్కతే అయితే మొగుడూపెళ్లాల సరసం అనుకునేవాళ్లం. మిగతావాళ్లూ గొణగసాగారు. ఒక ఆదివారం పొద్దున్న, మేమాడే ఆ అడవి మైదానం యజమాని నెగామి అందరినీ నిలబెట్టి, "తగిలింది తగిలినట్టు ఒప్పుకోవడమే మన ఆటకు ప్రాణం. ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు," అన్నాడు. అందరం ఎవరి బూట్లు వాళ్లం చూసుకున్నాం. ఉత్సుమి ఒక్కడే తలెత్తి చూశాడు, చెవులు కందగడ్డల్లా అయిపోయి. ఇంకోసారి మాటొస్తే ఆయన్ని రావద్దనక తప్పదని నెగామి నా చెవిలో వేశాడు.

ఉత్సుమి తిన్నగా భార్య దగ్గరికి వెళ్లాడు.

"వెంట్రుకవాసి తక్కువ కోసినా, నేనే చెప్పి అద్దం మార్చి ఇచ్చినవాణ్ణి. నేను దొంగాట ఆడతానా?"

"దొంగాటని ఎవరన్నారు? తగిలిందన్నాను."

"రెండూ ఒకటే!"

"అయితే రండి, తేల్చుకుందాం."

తుపాకులు సరిచూసుకునే చోటికి నడిచారు. వెనక మేమంతా. ఇసోకో ఆయన ముఖానికి నిండుగా మాస్కు బిగించి, తుపాకీ భుజానికి ఆనించి నిలబెట్టి, కళ్లు గట్టిగా మూసుకోమంది. దూరంగా వెళ్లి, ఆయన చేసిన ఆ వల మీదికి గురిపెట్టింది.

"ఊఁ, కొట్టు," అన్నాడాయన.

ఆమె కొట్టింది.

"కొట్టవేం?"

మళ్లీ కొట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎంతసేపే? చేతులు లాగుతున్నాయి. గురి కుదరకపోతే చెప్పు, దగ్గరికొస్తాను."

"కుదిరిందండీ. చచ్చి చాలాసేపైంది మీరు."

ఆయన కళ్లు తెరిచాడు. కాళ్ల దగ్గర గడ్డిలో తెల్ల గుండ్లు పడి ఉన్నాయి. నెగామి నవ్వాపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. కుర్రాళ్లు చుట్టుముట్టారు: "ఉత్సుమి గారూ, మాకూ ఒకటి చేసిపెట్టరూ!"

"ఇలాంటిది ఇంకొకటి లోపలికొచ్చిందో, గేటుకు తాళం వేస్తా," అన్నాడు నెగామి.

ఏ ముఖం పెట్టాలో ఉత్సుమికి తెలియలేదు. జాంబీ కాదని తేలింది, పనితనమూ తేలింది. కానీ తాను చచ్చాక తన చేతిలో చచ్చినవాళ్లు కళ్లముందే నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి ముందూ నడుం వంచాడు. "వాగు దగ్గర నేను చచ్చాక మిమ్మల్ని చంపాను. మన్నించాలి."

"నాకు చెప్పరేం?" అంది ఇసోకో.

"నీకు ఇంట్లో చెబుతా."

"చంపింది ఇక్కడ కదా."

అందరిముందూ ఆమెకూ వంగాడు. అందరికంటే కాస్త ఎక్కువే వంగాడని నాకనిపించింది.

అక్కడే కూర్చుని ఉన్ని పీకేశాడు, రబ్బరు కోసేశాడు. ఉత్త పలక మిగిలింది, మా అందరి పలకల్లాగే. వేలితో తట్టి చూసుకున్నాడు. టక్కుమంది. మళ్లీ ఆట మొదలైంది.

అది ఓక్ చెట్ల నుంచి గోలీల్లాంటి గట్టి కాయలు రాలే కాలం. నేనూ ఆయనా ఒకే చెట్టు కింద నక్కి ఉన్నాం. పైనుంచి ఒక కాయ సూటిగా వచ్చి ఆయన పలక మీద టక్కుమంది.

"హిట్!" అని ఉత్సుమి కొండ ప్రతిధ్వనించేలా అరిచి లేచి నిలబడ్డాడు.

"కాయండీ అది!" అన్నాను, ఆయన చొక్కా పట్టుకుని.

పొదలోంచి ఇసోకో తల బయటికొచ్చింది. "నేనింకా కొట్టందే! కూర్చోండి!"

"చచ్చానని ఒకసారి అన్నాక చచ్చినట్టే," అని ఆయన చెయ్యి ఇంకా పైకెత్తి, మా రెండు జట్లూ చూసేట్టు మైదానం నట్టనడుమ నుంచి, తొందరేమీ లేకుండా షెడ్డుకు నడిచాడు.