ఆల్కలి మాస్టారు

జ్ఞానశేఖర్ మాస్టారి చేతికి చిక్కితే ఏ మాటైనా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవలసిందే. మారేడ్‌పల్లిలో ఒక బడిలో కెమిస్ట్రీ చెప్పే ఆయన, మోండా మార్కెట్‌లో బట్టలసోడా కొంటూ కూడా ఊరుకోలేదు.

“దీన్ని ఆల్కలి అంటారయ్యా. అరబ్బుల మాట. మొక్కలు కాల్చిన బూడిదని అర్థం!”

“బూడిదో గీడిదో, జెర పక్కకు జరుగు సారూ! ఎనక గిరాకీ నిలబడ్డది.”

ఆయన మాటలకు వీధంతా నవ్వుకున్నా, పొరుగింటి ప్రేమమణికి మాత్రం నవ్వు రాలేదు. భర్త రిచర్డ్ తల్లిని చూడటానికి బెజవాడ వెళ్లాడు. ఇంతలో నిజాం మీదికి భారత యూనియన్ సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. రైళ్లు ఆగాయి, ఉత్తరాలూ ఆగాయి. కాల్పులు సద్దుమణిగినా బెజవాడ బండి జాడ లేదు. ఉతికి మడతపెట్టిన అతని చొక్కానే ఆమె మళ్లీ మళ్లీ ఇస్త్రీ చేసేది. సాయంత్రం గేటు చప్పుడైతే గబగబా గుమ్మంలోకి వచ్చేది. తీరా చూస్తే మాస్టారు!

“ఏమైనా తెలిసిందా సార్?”

“ఆర్గాన్ అని ఒక వాయువుందమ్మా. గ్రీకులో సోమరి అని అర్థం. దేనితోనూ కలవదు.”

మర్నాడు అడిగితే ఆక్సిజన్. “ఆమ్లాన్ని పుట్టించేదని పేరు పెట్టారు. తీరా అది లేని ఆమ్లాలూ ఉన్నాయి! పేరు తప్పయినా పీలుస్తూనే ఉన్నాం.”

“నాకు ఊపిరాడటం లేదు సార్!” అని ఆమె తలుపేసుకుంది. ఈయన గుండెలో ఉన్నదీ ఆర్గానే అనుకుంది.

ఆదివారం చర్చి నుంచి తనే స్టేషన్‌కు వెళ్లింది. పోర్టర్ రాములు ఆమెను మాట పూర్తి చేయనీయలేదు.

“బెజవాడ బండేనా అమ్మా? కళ్లద్దాల సారు సుత దినాం పొద్దుగాల గిదే అడుగుతడు. ‘రిచర్డ్ పెండ్లాం ఎదురుచూస్తది, ఉత్త చేతులతోటి ఎట్ల పోవాలె’ అని ఒకటే పరేషాన్. కబురు లేదంటే గీ బెంచి మీద కూసొని, బుక్కు తీసి గ్రీకు గ్రీకు అని గొణుగుతడు.”

ఆ సాయంత్రం మాస్టారు గేటు దగ్గరే తటపటాయించారు. ప్రేమమణి కుర్చీ తెచ్చి వేసింది. కబురు అడగలేదు.

“కాల్షియం సంగతి చెప్పండి సార్.”

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ అడగని ప్రశ్న! మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టి, వారమంతా చెప్పారు. ఆమె చూపు వీధి మీదే ఉన్నా, చెవి ఆయనకిచ్చింది.

ఎనిమిదో రోజు, “హీలియం కూడా గ్రీకే తల్లీ. దానర్థం...” అంటుండగా వీధిలో జట్కా ఆగింది. మాసిన గడ్డంతో రిచర్డ్ దిగాడు. ప్రేమమణి చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తింది.

జీవితంలో మొదటిసారి ఒక మాటను సగంలో వదిలేసి, మాస్టారు పెరటి దారిన జారుకున్నారు.