సింహాచలం వదిలేసిన మీట

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో సింహాచలం చొక్కా అంత తెల్లటి చొక్కా ఇంకొకటి లేదు. రైల్వే తంతి ఆఫీసులో టెలిప్రింటర్ కొట్టడం అతని పని; ఇక్కడ నొక్కిన ప్రతి మీటా అవతలి ఊరి మిషను మీద కూడా పనిచేస్తుంది. బళ్లన్నీ తన వేళ్ల మీదే నడుస్తున్నాయని అతని నమ్మకం. 1966లో హెడ్డు సీటు ఖాళీ అయింది. అది తనదేనని భార్య దాలమ్మకు ముందే చెప్పేశాడు. పోటీకి ఉన్నది నత్తలా పనిచేసే జ్ఞానప్రకాశం ఒక్కడే మరి.

పాత మిషను మీద వరస పూర్తవగానే రెండు మీటలు నొక్కాలి. ఒకటి అచ్చుపడే చోటును ఎడమ అంచుకు తెస్తుంది, ఇంకొకటి కాగితాన్ని పైకి జరుపుతుంది. ఆఫీసుకు కొత్తగా వచ్చిన మిషనులో మొదటి మీటే రెండు పనులూ చేసేది. అయినా, వరసల మధ్య ఖాళీ ఎక్కువైనా సరే, జ్ఞానప్రకాశం రెండూ నొక్కేవాడు.

"ఏటి ప్రకాశం, మీటలెక్కువ నొక్కితే మెడల్ ఇస్తారేటి?" అనేవాడు సింహాచలం.

"అవతల ఏ మిషనుందో తెల్దు కదా గురూ."

"నా కాగితం సూడు. అచ్చరాలు ముత్యాల్లాగ లేవూ?"

ఒక ఉదయం సూపర్నెంటు అచ్యుతరావు ఒక జాబితా ఇచ్చాడు. దూరపు జంక్షన్‌లో పనిచేసే పద్నాలుగుమంది ఖలాసీలు సోమవారం పరీక్షకు రావాలని, వాళ్ల పేర్లు అక్కడికి పంపాలి. సింహాచలం ఒక్కో పేరు చివర మొదటి మీట ఒక్కటే నొక్కి, చిటికెలో పంపి, కాలు మీద కాలేసుకున్నాడు.

అరగంటలో జంక్షన్ నుంచి ఫోనొచ్చింది. అక్కడిది పాత మిషను. కాగితం కదలక పద్నాలుగు పేర్లూ ఒకే వరస మీద పడి మసిముద్ద అయ్యాయి.

"ఇదేమిటయ్యా?" అన్నాడు అచ్యుతరావు.

"నా కాపీ సూడండి సార్, ఎంత సుబ్బరంగా ఉందో. తప్పు ఆళ్ల మిషనుది."

"నీ కాపీ నువ్వు చదువుకోడానికా ఇక్కడ కూర్చోబెట్టింది? లే. ప్రకాశం పంపుతాడు."

జ్ఞానప్రకాశం కూర్చుని పేరుపేరుకూ రెండు మీటలూ నొక్కాడు. ఈసారి పద్నాలుగూ చక్కగా అందాయని జంక్షన్ కబురు పంపింది. వారంలో హెడ్డు సీటు కూడా అతనికే వచ్చింది.

"ఆళ్లది పాత మిషనే," అని సింహాచలం ఇంట్లో గొణిగాడు.

"ముందు తెల్దా నీకు?" అంది దాలమ్మ.

"తెలుసు. పదేళ్లు అలాటిదాని మీదే కొట్టినాను."

"మరింకేటి? నీ కడుపు నిండిందని పిల్లల కంచాలు కడిగీసినట్టుంది నీ యవ్వారం."

మర్నాటి నుంచి హాజరు సంతకానికి సింహాచలం జ్ఞానప్రకాశం బల్ల దగ్గరికే వెళ్లాలి. వెళ్లేవాడు. "సార్" అనడానికి నోరు రాక, దగ్గి ఊరుకునేవాడు.