అక్కగారు కదలని కుర్చీ

నృత్యశాలలో ఆయనను అందరూ చెమ్కీల మాస్టారు అనే పిలిచేవారు. నర్తకుల దుస్తులకు వేలకొలది చెమ్కీలు కుట్టడం ఆయన వృత్తి. ఒక్క చెమ్కీ ఊడితే, ప్రదర్శనే రద్దయినంతగా బెంగపెట్టుకునే మనిషి. ఒంట్లో హెచ్.ఐ.వి. చేరి తొమ్మిదేళ్లయింది, మందుల పుణ్యమా అని ఆ వైరస్ పరీక్షకు సైతం అందనంతగా అణిగి ఉంది. ఇంతవరకు, ఒకే ఇంట్లో ఉండే ఆయన అక్కగారికి తెలుసు. నెలకు ఒకటి రెండు శనివారాలు నర్తకులతో కలిసి ఉల్లాసానికి మరొక మాత్ర మింగి, ఒళ్లు మరచి నాట్యమాడుతారన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదని మాస్టారి గట్టి నమ్మకం.

ఆ మంగళవారం ఉదయం, పాత మందు మూత్రపిండాలకు సరిపడటం లేదని తేలి, డాక్టరమ్మ కొత్తది రాయడానికి కలం తీశారు. అక్కగారు ఎప్పటివలెనే చేతిసంచి ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో స్థిరపడి ఉన్నారు.

"ఇందులో ఒక తోడు మందు ఉంటుందండీ. అది వేరే మందుల్ని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. ఒకటి మింగితే మూడు నాలుగు మింగినట్టవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇంకేమైనా వాడుతున్నారా? నిద్రమాత్రలు, పార్టీ మాత్రలు, ఏదైనా సరే చెప్పండి."

మాస్టారి గుండె కుట్టుమిషను వలె పరుగందుకుంది. చెప్పకుంటే వచ్చే శనివారపు నాట్యమే ఆఖరిది కావచ్చు. చెబుదామంటే, పక్కన అక్కగారు!

"అక్కా, దాహంగా ఉంది. బయటికెళ్లి నీళ్లు తెస్తావా?"

అక్కగారు సంచిలోంచి సీసా తీశారు. "తాగు."

ఆయన తాగారు. "గొడుగు బస్సులో వదిలేసినట్టున్నావు, చూసిరా."

"ఇదిగో, నా కాళ్ల దగ్గరే ఉంది."

"పోనీ, బావకి ఒక్క ఫోన్ చెయ్యవూ?"

"మీ బావ ఆఫీసులో హాయిగా ఉన్నారు. నా గొంతు వింటే ఆ హాయి కాస్తా పోతుంది."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టి, నవ్వు ఆపుకోవడానికి కిటికీ వంక చూశారు.

మాస్టారు ఆఖరి ఉపాయానికి దిగారు. "నాకు కాదండీ. నా స్నేహితుడొకడు..."

"ఆ స్నేహితుడికీ నీ చొక్కాయే సరిపోతుంది కదూ!" అన్నారు అక్కగారు. "డాక్టరమ్మా, ఆ మహానుభావుడే పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే, నిద్రపట్టక, నా గొడుగంతా చెమ్కీలు కుట్టిపెట్టాడు. అంతకుముందు మా ఆయన ఆఫీసు సంచీకి కుట్టాడు. ఆయన చూసుకోకుండా మీటింగుకి వెళ్లిపోయారు! మేనేజరు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడట."

మాస్టారు గిరుక్కున అక్క వైపు తిరిగారు. "అయితే నీకు తెలుసా?"

"రెండేళ్ల నుంచీ! ఇక్కడ అబద్ధం చెప్తావేమోనని భయంరా. అందుకే ప్రతిసారీ నీ వెంటపడి వస్తున్నా."

"నువ్వు పక్కన కూర్చుంటున్నావనే కదక్కా, అబద్ధం చెప్తున్నా!"

మొదట డాక్టరమ్మే పకపకా నవ్వారు. అక్కగారు నవ్వీ నవ్వీ, రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ లేచారు. "ఎంత తెలివితక్కువదాన్నిరా!" అని, తనంతట తానే బయటికి నడిచారు.

తలుపు మూసుకోగానే మాస్టారు అంతా కక్కేశారు: ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు, నాట్యం మరునాడు పగలంతా పడి నిద్రపోయి అసలు మందే మరచిన ఆదివారాలెన్ని. డాక్టరమ్మ తోడు మందు లేని మాత్ర రాశారు.

"ఇది అనుమతి కాదండోయ్! ఆ పార్టీ మాత్రలో ఏముందో అమ్మేవాడికే తెలీదు. గుండెకీ ముప్పే, దానివల్ల ఒళ్లు విపరీతంగా వేడెక్కినా ముప్పే. రోజూ వేసుకునే మందు మాత్రం ఒక్కరోజు కూడా తప్పొద్దు. దాచకుండా చెప్పారు కాబట్టి సరైన మందు రాయగలిగాను."

మాస్టారు కాలు నేల మీద ఆనకుండా వచ్చి తలుపు తెరిచేసరికి, దానికి చెవి ఆనించి ఉన్న అక్కగారు తూలి ఆయన మీద పడబోయారు.

"విన్నావా?"

"ఏం వినడం! తలుపు మరీ మందం. మొదటినుంచీ చెప్పు."

ఇద్దరూ వరండా బల్ల మీద చతికిలబడ్డారు. ఆయన ఏదీ వదలకుండా చెప్పారు.

"మరి ఈ శనివారం?" అన్నారు అక్కగారు.

"ఈ శనివారం వద్దులే. ఆ తర్వాత ఏం చేస్తానో నాకే తెలీదక్కా. చేస్తే మాత్రం నీకు చెప్తా."

"చెప్పు. తిడతాను. అయినా చెప్పు."