మోకాలు తాకిన అంపైరు

పందొమ్మిదేళ్లప్పుడు నా ఆదివారాలన్నీ క్రికెట్ స్కోరు రాయడంలోనే గడిచాయి. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లోని మా తెలుగు ఇంజనీర్లు కలిసి పెట్టుకున్న జట్టు అది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కదా అని నాన్న నాకు ఇప్పించారు. పార్కులో మడత బల్ల మీద ఒకవైపు స్కోరు పుస్తకం, ఒకవైపు నా నీలం డైరీ పెట్టుకుని కూర్చునేదాన్ని. అంపైరు చేత్తో సైగ చేస్తాడు. చూశానని చెయ్యెత్తి, నేను రాస్తాను. స్కోరరు వాదించకూడదు. ఆ నియమం నాకు బాగా నచ్చింది.

జట్టులో తెలుగువాడు కానివాడు ఒక్కడే. పసిఫిక్ దీవి సమోవా నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రులకు న్యూజీలాండ్‌లో పుట్టాడు. అక్కడ పెద్ద జట్టుకి మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడాడు. తర్వాత రెండు వేసవులు ఇంగ్లండ్‌లో ఒక మిల్లు ఊరి క్లబ్బు జీతమిచ్చి ఆడించుకుంది. మోకాలు పాడయ్యాక ఇక రావద్దంది. డెట్రాయిట్‌లో ఉన్న అక్క దగ్గరికి వచ్చి, ఒక గిడ్డంగిలో కార్ల విడిభాగాలు మోసే పనిలో చేరాడు. ఇవన్నీ ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూస్తూ నా బల్ల పక్కన కూర్చుని చెప్పినవే. మిల్లు ఊళ్లో ఒక ముసలావిడ, మీవాళ్లు మనుషుల్ని తింటారట కదా అని అడిగిందట. "అడిగి, నాకు టీ కూడా పోసింది" అని నవ్వాడు. నేను దాన్ని డైరీలో రాసుకున్నాను. నవ్వు వచ్చిందనే రాసుకున్నాను.

మావాళ్లు ఆ ముసలావిడకు తీసిపోలేదు. అతనికి తెలుగు రాదు కాబట్టి ఎదురుగానే అనేవారు.

"ఇంకో ప్లేటు పులిహోర పెట్టండి, లేకపోతే బ్యాట్ నమిలేస్తాడు."

"ప్లేటు కూడా దాచండి బాబూ!"

అతను తలెత్తి అందరితో పాటు నవ్వేవాడు. అవతలి జట్టుకి అర్థం కాకూడదని మావాళ్లు పరుగులకు తెలుగులోనే పిలుచుకునేవారు. అందుకని అతను రెండు తెలుగు మాటలు నేర్చుకున్నాడు: రా, ఒద్దు.

ఆ ఏడాది ఇంగ్లండ్‌లో జరిగే పోటీలకు అమెరికా జట్టును ఎంపిక చేస్తున్నారు. మా క్లబ్బు నుంచి ఒక్కరినే పిలుస్తామన్నారు, సీజన్‌లో ఎక్కువ పరుగులు ఎవరివైతే వాళ్లని. మా సమోవా ఆయనకి ముప్ఫై ఆరేళ్లు. ఇంకో అవకాశం రాదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. చివరి మ్యాచ్ నాటికి, మా జట్టు నడిపే కెప్టెన్ అంకుల్ బావమరిది పరుగుల్లో ముందున్నాడు. ఆ రోజు బావమరిది తొందరగా ఔటైపోయాడు. అతన్ని దాటడానికి మా సమోవా ఆయనకి ముప్ఫై ఎనిమిది పరుగులు కావాలి.

ఆదివారం ఆటల్లో బ్యాటింగ్ జట్టువాళ్లే అంపైర్లుగా నిలబడతారు. ఆ రోజు కెప్టెన్ అంకుల్ నిలబడ్డారు. అవతలి జట్టు స్కోరరు రాలేదు. పుస్తకం నాది ఒక్కటే.

అతను ఒక బంతిని వెనక్కి మళ్లించాడు. బ్యాట్‌కి తగిలిన చప్పుడు నా బల్ల దాకా వినిపించింది. బంతి బౌండరీ దాటింది. అది ఎటు పోయిందో చూడటానికి అతను అటు తిరిగినప్పుడు, కెప్టెన్ అంకుల్ కాలెత్తి మోకాలు తాకారు. దాన్ని లెగ్ బై అంటారు. బంతి బ్యాట్‌కి కాక కాలికి తగిలిందని అర్థం. పరుగులు జట్టుకి వస్తాయి, ఆడినవాడి పేరున పడవు. ఆయన నా వైపు చూశారు. నేను చెయ్యెత్తాను.

కాసేపటికి మరో ఫోర్. మళ్లీ మోకాలు. ఈసారి అవతలి చివర బ్యాట్స్‌మన్‌గా నాన్న ఉన్నారు, అంపైరుకి రెండడుగుల దూరంలో. నాన్న నేల వైపు చూశారు. నేను మళ్లీ చెయ్యెత్తాను. డైరీలో మాత్రం రెండూ ఫోర్లుగానే రాసుకున్నాను.

గెలవడానికి ఇంకా రెండు పరుగులు కావాలి. ఆ ముప్ఫై ఎనిమిదీ దాటేశానని అతని లెక్క. అందుకే ఒక్క పరుగు తీసి, నాన్నకి బ్యాటింగ్ వదిలేశాడు. నాన్న జీవితంలో ఎన్నడూ గెలుపు పరుగు కొట్టలేదు. ఆ విషయం నేనే ఒకసారి అతనికి చెప్పాను. నాన్న బంతిని తోశారు. అతను "రా! రా!" అని అరుస్తూ, ఆ పాడైన మోకాలితో పరుగెత్తాడు.

తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు. పుస్తకంలో అతని పేరున ముప్ఫై మూడు.

"నలభై ఒకటి ఉండాలి" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. "నువ్వు చప్పుడు వినలేదా?"

"అంపైర్ సిగ్నల్ ఇచ్చారు" అన్నాను.

అతను డైరీ వైపు చూశాడు. "అందులో కూడా రాస్తావు కదా. చూపిస్తావా?"

రాతంతా తెలుగే అయినా, అంకెలు అతను చదవగలడు. నేను డైరీ మీద చెయ్యి పెట్టాను.

"ఇది నా పర్సనల్" అన్నాను.

ఆ వేసవి మొత్తంలో నేను అంత గట్టిగా మాట్లాడిన మాట అదొక్కటే.

"అమ్మాయి సీక్రెట్లు రాసుకుంటుందయ్యా, అడక్కూడదు!" అన్నారు వెనకనుంచి కెప్టెన్ అంకుల్, ఇంగ్లీషులో. అందరూ నవ్వారు. తర్వాత తెలుగులో, "అతనికో ప్లేటు పెట్టమ్మా, ఏడుపాగుద్ది" అన్నారు. నేను పెట్టి ఇచ్చాను. అతను నిలబడే, అంతా తిన్నాడు. నాన్న వచ్చి థాంక్స్ చెబితే, చేతులు తుడుచుకుని, "వెల్ ప్లేడ్, సర్" అన్నాడు.

కార్‌లో వెళ్తూ ఇంటి మలుపులో నాన్న, "అంపైర్ ఇచ్చింది రాయడమే నీ పని" అన్నారు. కెప్టెన్ అంకుల్ ఆఫీస్‌లో నాన్నకి బాస్.

సోమవారం లైబ్రరీలో స్కోరు పుస్తకంలోని ఆ పేజీలు కాపీ తీసి, సెలెక్టర్ల అడ్రస్ రాసి పోస్ట్ చేసింది నేనే. బావమరిది ఇంగ్లండ్ వెళ్లాడు. సమోవా ఆయన మరి మా జట్టుకి రాలేదు, ఏ జట్టుకీ ఆడలేదని తర్వాత ఎవరో అన్నారు. మరుసటి వేసవి కూడా బల్ల వేసుకుని నేనే కూర్చున్నాను.

పోస్ట్ చేసే ముందు ఆ కాపీలు చూసి కెప్టెన్ అంకుల్, "ఎంత నీట్‌గా రాశావమ్మా, ఒక్క కొట్టివేత లేదు" అన్నారు. ఆ మెచ్చుకోలును కూడా ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. సంతోషంగానే రాసుకున్నాను.